చివరి బండి వచ్చేదాకా

"ఆఫ్‌రోడ్" అనే మాటకు సరైన తెలుగు మాట కోసం నేను చాలాకాలం వెతికాను. 'రోడ్డు కానిది' అంటే అర్థం ఉంది గాని ప్రాణం లేదు. 'అడ్డదారి' అంటే అపార్థాలకు తావిస్తుంది. గోదావరి జిల్లాల వారికి పుంత ఉంది, గుంటూరు వైపు వారికి డొంక ఉంది, తెలంగాణలో బండ్లబాట ఉంది. ఇవన్నీ అసలైన తెలుగు మాటలే. కాని వీటిలో ఏదీ 'ఆఫ్' అనడం లేదు, అన్నీ దారులమనే చెప్పుకుంటున్నాయి. ఈ చిక్కును చివరికి ఒక పాలవాడు విడదీశాడు.

వికారాబాదుకూ పరిగికీ నడుమ ఎక్కడో, వానకు కోసుకుపోయిన ఒక బాట ముందు మేము ఏడుగురం బండ్లు ఆపి తర్జనభర్జన పడుతున్నాం. మోకాళ్ళకు చిప్పలు, మోచేతులకు చిప్పలు, ఛాతీకి కవచం, కాళ్ళకు పిక్కల దాకా బూట్లు. యుద్ధానికి పోతున్నామా అన్నట్టున్నాం. ఇంతలో వెనకనుంచి ఒక పాత స్ప్లెండరు వచ్చింది. దానికి రెండు వైపులా పాలక్యాన్లు, నడిపేవాడి కాళ్ళకు హవాయి చెప్పులు. అతడు మా పక్కన ఆగి, "బాట తప్పిన్రా సారూ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. లేదు, ఇటే వచ్చామన్నాం. "ఈడికా? ఎందుకు?" అన్నాడు. మా ఏడుగురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అతడు కాసేపు చూసి, గండి అంచున జానెడు మేర మిగిలిన గట్టి నేల మీదుగా, పాలు తొణకకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజు నాకు తెలిసివచ్చింది: మేము రోడ్డు దిగలేదు. మా రోడ్డు దిగి వాళ్ళ రోడ్డు ఎక్కాం. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు వివరణే.

ఇప్పుడు ఈ ప్రస్తావన ఎందుకంటే, మా మిత్రబృందంలో ఒక తగవు నడుస్తున్నది. 2015లో అయిదుగురితో మొదలైన మా నెలవారీ బండ్లబాట ప్రయాణానికి ఇప్పుడు వస్తామనేవారు అరవైమందికి పైగా ఉన్నారు. కొందరు యువమిత్రులు వచ్చే చలికాలంలో నలభై యాభై బండ్లతో ఒక 'పెద్ద కలయిక' జరపాలంటున్నారు. ఒకే రంగు చొక్కాలు, పైనుంచి చిత్రీకరించే డ్రోను, ఊరి బయట షామియానా, మధ్యాహ్నం బిర్యానీ. నేను వద్దంటున్నాను. వద్దనేవాడు ఎప్పుడూ ముసలివాడిలాగానే వినిపిస్తాడు కాబట్టి, నా కారణాలు వరసగా రాసిపెట్టడం మేలనిపించింది.

*

ముందుగా ఒక మంచి మాట. ఏ పనైనా ఒకసారి చేయడం తేలిక. మళ్ళీ మళ్ళీ చేయడమే కష్టం. సాహిత్య సమావేశాలు నడిపిన అనుభవం ఉన్నవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. మొదటి సమావేశానికి హాలు చాలదు, ఆరోదానికి అధ్యక్షుడూ వక్తా మాత్రం మిగులుతారు. మా సంగతీ అంతే అయ్యింది. మొదటి ఏడాది మేము తలపెట్టిన ప్రయాణాలు ఎన్నో, జరిగినవి నాలుగు. కారణం ఒకే ఒక్క వాక్యం: "అందరికీ కుదిరిన రోజు చూసుకుందాం."

అందరికీ కుదిరే రోజు పంచాంగంలో లేదు. ఒకరికి మేనకోడలి ఓణీల ఫంక్షను, ఇంకొకరికి అమెరికా వాళ్ళతో ఫోను సమావేశం, మరొకరికి బండి షెడ్డులో ఉంటుంది. ఒకరి కోసం వారం జరిపితే ఇంకొకరికి కుదరదు. జరుపుతూ జరుపుతూ నెల దాటిపోతుంది. చివరికి విసిగి ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతినెలా రెండో ఆదివారం, ఉదయం ఆరు గంటలకు చేవెళ్ళలో ఒక హోటలు ముందు. ఎవరు వస్తే వారు. ఇద్దరే వస్తే ఇద్దరమే. ఎవరినీ బతిమాలేది లేదు, ఎవరూ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు. ఆరుంబావుకు బయలుదేరడమే.

ఈ నియమంలో ఒక చిత్రం జరిగింది. తేదీ కదలదని తెలిశాక మనుషులు కదలడం మొదలుపెట్టారు. మేనమామలు ముహూర్తాలు మార్చలేదు గాని, ఇళ్ళలో మాత్రం 'రెండో ఆదివారం ఈయన ఉండరు' అన్న మాట స్థిరపడిపోయింది. రాలేనివాడు కూడా తాను లేకుండా అది జరుగుతున్నదని తెలిసి నిశ్చింతగా ఉంటాడు, వచ్చే నెల వస్తాడు. ఏ నెలవారీ పనికైనా ప్రాణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అది ఎవరి రాక మీదా ఆధారపడకూడదు, ఎవరొచ్చినా చోటుండాలి.

ఏ బండి మేలన్న చర్చ మీద ఎక్కువ కాలం పోగొట్టుకోను. 2016లో హిమాలయన్, 2019లో ఎక్స్‌పల్స్ వచ్చాక మన దేశంలో మట్టిబాటకు తగిన బండి మధ్యతరగతికి అందింది. అంతకు ముందు మేము నడిపినవి మామూలు బండ్లే. టైర్లలో గాలి కొంత తగ్గించుకుని, ఇంటికి పోయేముందు మళ్ళీ నింపుకోవడానికి ఒక చేతిపంపు తెచ్చుకునేవాడు, పదిరెట్లు ఖరీదైన బండి ఉండి పంపు లేనివాడికంటే మంచి సహచరుడు. అంతకు మించి చెప్పవలసింది లేదు.

*

నేల సంగతి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. వికారాబాదు చుట్టుపక్కల మెరక మీద ఎర్రనేల. తాండూరు వైపు దిగేకొద్దీ నల్లరేగడి. ఈ రెంటికీ ఉన్న తేడా తారురోడ్డు మీద వెళ్ళేవాడికి రంగులో తేడా. మట్టిబాట మీద వెళ్ళేవాడికి అది స్వభావంలో తేడా.

ఎర్రనేల వానను తాగేస్తుంది. రాత్రి కురిసినా, మరునాటి మధ్యాహ్నానికి బాట నడవనిస్తుంది. దుమ్ము లేవదు, టైరుకు పట్టు దొరుకుతుంది. చెప్పాలంటే మాకు అదే పండుగ. రేగడి అలా కాదు. తడిసిందా, అది నేల కాదు, జిగురు. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని గట్టిపడి, గింజుకున్నా చక్రం తిరగదు. మేము ఒకసారి రెండు వందల గజాల దూరానికి గంటన్నర పట్టి, పుల్లలతో చక్రాల్లో మట్టి తవ్వుకుంటూ నడిచాం. తాండూరు దగ్గరైతే దీనికి తోడు నాపరాతి క్వారీల పక్కన పోసిన ముక్కలు. కత్తుల్లా ఉంటాయి, టైరు పక్కగోడను కోసేస్తాయి.

కాబట్టి మా ప్రయాణాల పటం మేము గీసుకున్నది కాదు, వాన గీసింది. జూను నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనేలే. ఆ నెలల్లో రేగడి వైపు పోవడం లేదు. పత్తి, కంది ఉన్న చేలగట్ల వెంట ఏ కాలంలోనూ లేదు, బాట ఉంటేనే. చలికాలంలో కంది కోసి బాట మీదే ఆరబెట్టుకుంటారు, కొట్టుకుంటారు. తాండూరు కందిపప్పు పేరు తెలియని వంటిల్లు ఉండదు గదా, 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ కంది మీదినుంచి బండి పోనిచ్చేవాడికి ఇంట్లో పప్పు తినే హక్కు లేదని మా వాళ్ళలో ఒక సామెత పుట్టింది. ఎండాకాలం ఏప్రిలు, మే నెలల్లో మాత్రం తెల్లవారకముందే మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ముగిస్తాం. ఆ తరువాత కవచాలు వేసుకుని గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పోవడమంటే కుమ్మరి ఆవంలో కూర్చోవడమే.

ఇదంతా నలభై బండ్లకు ఎలా కుదురుతుంది? దుమ్ములో ముందువాడు కనబడాలంటే బండికీ బండికీ కనీసం యాభై మీటర్లు ఎడం కావాలి. నలభై బండ్లంటే దాదాపు రెండు కిలోమీటర్ల తోక. ఎనిమిది బండ్లతో పోతే సగటున ఒక పంక్చరు అవుతుందన్నది మా అనుభవం. ఆ లెక్కన నలభై బండ్లకు అయిదు. ఒక్కోదానికి అరగంట వేసుకున్నా రెండున్నర గంటలు నిలబడటమే సరిపోతుంది. అయినా నా అభ్యంతరం ఈ లెక్కలది కాదు. లెక్క తప్పిన రోజుది.

*

చిన్నప్పుడు పరమానందయ్య శిష్యుల కథ చదవనివాళ్ళు మనలో ఉండరు. ఏరు దాటాక లెక్కపెట్టుకుని, ఎవరికి వారు తమను లెక్కించుకోవడం మరచి, ఒకడు కొట్టుకుపోయాడని ఏడుస్తారు. అందరూ ఉన్నా ఒకడు లేడనుకున్నారు వాళ్ళు. మేము వాళ్ళకంటే గొప్పవాళ్ళం. ఒకడు లేకపోయినా అందరూ ఉన్నారనుకున్నాం.

2018 మార్చి. ఆ రోజు పదకొండుమందిమి. ముందు నడిపినవాణ్ణి నేనే. అప్పటికి మూడేళ్ళ అనుభవం, దారులన్నీ తెలుసునన్న ధీమా. బాగా వెళ్తున్నప్పుడు వెనక్కి చూడాలనిపించదు. అందులో ఒక సుఖం ఉంది, ఒప్పుకోవాలి. పది గంటలకు ఒక ఊరి హోటలు ముందు ఆగాం. ఎవరో బండ్లు లెక్కపెట్టి పదకొండు అన్నారు. హెల్మెట్లు తీశాం, మొహాలు కడుక్కున్నాం, కబుర్లు మొదలయ్యాయి. పదకొండు టీలు చెప్పాను. టీలు వచ్చాయి, ఎవరిది వారు తీసుకున్నారు.

పళ్ళెంలో ఒక గ్లాసు మిగిలింది.

ఆ గ్లాసు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. మొదట ఎవరో తీసుకోలేదనుకున్నాం. తరువాత మొహాలు లెక్కపెట్టాం. బండ్లలో ఒకటి ఆ ఊరివాడిది. బురద కొట్టుకుని ఉండటంతో మనదే అనుకుని లెక్కలో వేసేసుకున్నాం. లేనివాడు ఎవరో కాదు, అంతకు ముందు నెలే మాలో చేరిన ఒక తమ్ముడు. అందరికంటే చిన్నవాడు, అందరికంటే నెమ్మదిగా నడిపేవాడు. నెమ్మదిగా నడిపేవాడు సహజంగానే వెనకబడతాడు. వెనకబడ్డవాడు ఆగిపోతే ముందున్నవాడికి తెలియదు. ఎవరికి వారు 'వెనక ఎవరో ఉన్నార్లే' అనుకున్నాం. చిట్టచివరి వాడికి వెనక ఎవరూ ఉండరన్న సంగతి మా పదిమందిలో ఒక్కరికీ తట్టలేదు.

ఫోన్లు కలవలేదు. వచ్చిన దారి వెంట వెనక్కి వెళ్ళాం. మూడు చోట్ల బాట చీలింది. అతడు ఏ చీలిక దగ్గర ఎటు పోయాడో తెలియక ఇద్దరిద్దరం విడిపోయాం. దొరికేసరికి గంటన్నర అయ్యింది. రెండో చీలిక దగ్గర తప్పు దారి పట్టి, ఒక ఒర్రెలోకి జారిపోయాడు. బండి కాలి మీద పడింది, భుజం దగ్గర కాలరు ఎముక విరిగింది. ఒక గొర్రెల కాపరి బండిని లేపి పక్కన పెట్టి, తన గొంగడిని రెండు కర్రల మీద నీడగా కట్టి, తన సీసాలో నీళ్ళు తాగించి, గొర్రెలను వదిలేసి పక్కన కూర్చున్నాడు. అతని దగ్గరా ఫోను ఉంది గాని అక్కడ సిగ్నలు లేదు. వదిలి పోవడానికి మనసొప్పలేదట.

మమ్మల్ని చూడగానే ఆ పెద్దాయన లేచి, కోపం లేకుండానే ఒక మాట అన్నాడు: "గింతమంది వోయిన్రు గదా బిడ్డా, ఒక్కలన్న తిరిగి సూడలే?"

ఆ తరువాత జరిగింది ఎప్పుడూ జరిగేదే. రోడ్డు దాకా ట్రాక్టరు, అక్కడినుంచి 108. ఎముక అతుక్కుంది. ఆ తమ్ముడు నన్ను ఒక్క మాటా అనలేదు. ఆస్పత్రిలో చూడబోతే, "నాదే తప్పన్నా, నేనే నెమ్మదిగా వచ్చాను" అన్నాడు. ఆ మాట కంటే వాళ్ళమ్మగారు తిట్టిన తిట్లే నాకు కొంత ఊరటనిచ్చాయి. కొన్నాళ్ళకు బండి అమ్మేశాడు. పండుగలకు ఫోను చేస్తాడు. రెండో ఆదివారాలకు మాత్రం రాడు. నేనూ రమ్మని అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

*

తరువాతి రెండు నెలలు మేము బండి తీయలేదు. మళ్ళీ మొదలుపెట్టింది ఒక పద్ధతి నేర్చుకున్నాకే. ఇది మేము కనిపెట్టింది కాదు. వివిధ దేశాల్లో గుంపుగా బండ్ల మీద తిరిగేవారు ఎంతోకాలంగా పాటిస్తున్నదే.

ముందు నడిపేవాడు ఒకడు, చివర వచ్చేవాడు ఒకడు. ఈ ఇద్దరూ ఆ రోజంతా మారరు. చివరివాడు దూరంనుంచి గుర్తుపట్టేలా నారింజరంగు బనీను తొడుక్కుంటాడు. బాట చీలిన ప్రతి చోటా ముందువాడు ఆగి, తన వెనకే వచ్చిన రెండోవాణ్ణి అక్కడ నిలబెట్టి పోతాడు. ఆ నిలబడ్డవాడు వచ్చే ప్రతివాడికీ మలుపు చూపాలి. నారింజ బనీను కనబడేదాకా అక్కడినుంచి కదలకూడదు. అది కనబడ్డాక దానికి ముందు వరసలో చేరతాడు. ఇప్పటిదాకా మూడోవాడుగా ఉన్నవాడు రెండోవాడవుతాడు కదా, తరువాతి చీలిక దగ్గర వంతు అతనిది. ఇలా పూటంతా వరస తిరుగుతూనే ఉంటుంది.

ఎవరైనా ఆగిపోతే? నారింజ బనీను కూడా అతని దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అది ఎవరినీ దాటి రాకూడదు. మలుపు దగ్గర నిలబడ్డవాడు నిలబడే ఉంటాడు. ముందువాడు పావుగంట చూసి వెనక్కి తిరుగుతాడు. దారి పొడవునా ప్రతి మలుపులోనూ మనిషి ఉంటాడు గనుక దండ ఎక్కడ తెగిందో తెలిసిపోతుంది. ఫోనుతో పని లేదు, పటంతో పని లేదు, దారి తెలియవలసిన అవసరం కూడా ఒక్కడికే.

ఈ పద్ధతి భద్రత కోసమే మొదలుపెట్టాం. కాని అది మా స్వభావాలనే మార్చింది. ఎంత వేగంగా పోగలిగినవాడైనా తన వంతు వచ్చినప్పుడు బండి ఆపుకుని చెట్టు కింద నిలబడవలసిందే. తనకంటే నెమ్మదైన వాళ్ళందరూ తన ముందునుంచి ఒక్కొక్కరే పోవడం చూడవలసిందే. అందరికంటే ముందుండాలన్న తపన ఉన్నవాడే అందరికంటే తరచుగా రెండోవాడవుతాడు, అందుచేత అతడే ఎక్కువసార్లు నిలబడతాడు. ఇంతకంటే సున్నితమైన శిక్షణను నేను ఏ బడిలోనూ చూడలేదు.

ఇది ఎనిమిదిమందికి చక్కగా అమరుతుంది. పన్నెండుమందికి పనిచేస్తుంది. ఇరవై దాటితే మలుపు దగ్గర నిలబడ్డవాడు అరగంట, ముప్పావుగంట నిలబడాలి. అతని ఓపిక నశిస్తుంది. 'అందరూ పోయారులే' అనుకుని కదిలిపోతాడు. ఒక్కడు కదిలితే చాలు, పద్ధతి మొత్తం పోయినట్టే. నలభైమందిని నాలుగు గుంపులుగా చేయవచ్చు కదా అంటారు మా యువమిత్రులు. చేయవచ్చు. కాని నాలుగు గుంపులకు నలుగురు ముందువాళ్ళు, నలుగురు చివరివాళ్ళు కావాలి. ముందు నడవడానికి మా దగ్గర ఇరవైమంది సిద్ధంగా ఉన్నారు. దుమ్ము తింటూ చివర రావడానికి ఎంతమంది ఉన్నారో చెప్పమనండి. ఒక బృందం ఎంత పెద్దదిగా ఉండవచ్చునన్నది చివర రావడానికి ఇష్టపడేవాళ్ళ సంఖ్యను బట్టి తేలుతుందని నా నమ్మకం.

*

ఇక రెండో కారణం. ఇది మా గురించి కాదు, బాట గురించి.

2019 ఆగస్టులో మా నియమాన్ని మేమే తప్పాం. వాన పడి రెండు రోజులే అయ్యింది. అయినా ఒక రేగడి బాటలోకి దిగాం. అరకిలోమీటరు లోపే వెనక్కి తిరిగాం గాని, అప్పటికే తొమ్మిది బండ్ల చక్రాలు బాటను దున్నేశాయి. ఆ సంగతి అక్కడితో మరచిపోయాం. నవంబరులో మళ్ళీ అదే దారిన వెళ్తే ఒక రైతు చేతులడ్డం పెట్టి ఆపాడు. మేము చేసిన చాళ్ళు ఎండి రాయిలా గట్టిపడ్డాయి. వాటిలో పడి అతని పత్తి ట్రాక్టరు ఒరిగిందట. మాకు ఒక్కో చాలునూ చూపించి చివరికి ఇలా అన్నాడు: "మీరు నెలకోపారి వస్తరు, పోతరు. మేము దినాం పోవాలె ఈ బాటల."

అతడు మమ్మల్ని గుర్తుపట్టగలిగాడన్నదే నన్ను ఆలోచింపజేసింది. ఒకసారి వచ్చిపోయేవాణ్ణి ఎవరూ గుర్తుపట్టరు, నిలదీయరు. మళ్ళీ మళ్ళీ వచ్చేవాడికి మొహం ఉంటుంది. ఒక్కసారి పోయేవాడు యాత్రికుడు, నెలనెలా పోయేవాడు ఒక రకంగా చుట్టం. చుట్టానికి మర్యాద దొరుకుతుంది, దానితోపాటు బాధ్యతా ఉంటుంది. మేము తలాకొంత వేసుకుని నాలుగు ట్రాక్టర్ల మొరం పోయించి, బాట చదును చేయించాం. ఆ రైతు ఇంట్లో ఇప్పుడు మాకు మజ్జిగ దొరుకుతుంది. దానికంటే ముఖ్యంగా, వాన పడితే ఆయనే ఫోను చేసి "ఈ వారం రాకుండ్రి" అని చెబుతాడు. ఏ వాతావరణ శాఖా ఇంత కచ్చితంగా చెప్పలేదు.

ఈ బాటల్లో కొన్ని నక్షాబాటలు, అంటే గ్రామ నక్షాలో గీసి ఉన్నవి. వాటి మీద నడిచే హక్కు అందరికీ ఉంది. మిగిలినవి పట్టా భూముల మధ్యనుంచి రైతుల మంచితనం మీద నడిచేవి. నక్షాబాటలు సైతం రెండు వైపులా నాగలి కొరుక్కుతినగా సన్నబడిపోతున్నాయి. రిజర్వు అడవుల సంగతి వేరు. అక్కడికి అనుమతి లేకుండా వెళ్ళడం నేరం, మేము వెళ్ళం. అనంతగిరి పచ్చదనం ఎంత ఊరించినా తారురోడ్డు మీదనుంచే దణ్ణం పెట్టుకుంటాం. అంటే మాకు మిగిలింది ఊళ్ళ మధ్య బాటలే. అవి ఊళ్ళ దయ మీద ఆధారపడ్డవే.

ఈ దయ శాశ్వతం కాదనడానికి బయటి దేశాల్లో నిదర్శనాలున్నాయి. ఇంగ్లండులో పాత గుర్రబ్బండ్ల బాటల మీద మోటారు సైకిళ్ళు తిరగడం ఏళ్ళ తరబడి సాగింది. ఊళ్ళవాళ్ళకూ బండ్లవాళ్ళకూ మధ్య తగవులు పెరిగి, 2006లో వచ్చిన ఒక చట్టంతో, మోటారు బండ్లకు దారి అని కాగితాల మీద నమోదు కాని బాటలు చాలావాటి మీద ఆ హక్కు ఒక్కసారిగా రద్దయిపోయింది. ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా ఆ దీవిలోనే ఉంది. స్కాట్లండు కొండల్లో ఆరు రోజుల మోటారు సైకిలు పరీక్ష ఒకటి 1909లో మొదలైంది. యుద్ధాల వల్ల, అంటువ్యాధుల వల్ల ఆగిన ఏళ్ళు తప్పితే ఇప్పటికీ నడుస్తున్నది. అందులో కొండవాగుల మీద, రాళ్ళ మీద పెట్టే పరీక్షల్లో గెలుపు వేగానిది కాదు. కాలు నేల మీద మోపితే మార్కు పోతుంది, మోపకుండా నెమ్మదిగా దాటినవాడే నేర్పరి. పరాయి భూముల మీద, వాటి యజమానుల అనుమతితో, నూరేళ్ళు దాటి నడిచిన కలయిక అది. వేగాన్ని పక్కన పెట్టినది అంతకాలం నిలిచిందంటే, అది కేవలం యాదృచ్ఛికమని నేననుకోను.

*

మిత్రుల వాదనల్లో న్యాయం లేదనను. 'మీరు అయిదుగురు మొదలుపెట్టారు కాబట్టి ఇది మీ జాగీరా?' అన్నారొకరు. కాదు. 'కొత్తవాళ్ళకు తలుపు మూస్తే ఎలా?' అన్నారు. మూయకూడదు. 'నాలుగు డబ్బులు పోగైతే ఆ ఊరి బడికే ఏదైనా చేయవచ్చు కదా' అన్నారు. ఇది అన్నిటికంటే బలమైన మాట. దీనికి నా దగ్గర ఉన్న సమాధానం కొంచెం పేలవమైనదే: బడికి చేయదలచుకుంటే నలభై బండ్లు తీసుకుపోకుండానే చేయవచ్చు. ఇద్దరు వెళ్ళి ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడితే సరిపోతుంది.

ఇక కొత్తవాళ్ళ సంగతి. నా ప్రతిపాదన ఇది. ఒక్కో బృందంలో పన్నెండుమందికి మించవద్దు. పదమూడోవాడు వచ్చిన రోజు బృందం రెండుగా చీలాలి. రెండోదానికి మూడో ఆదివారం, వేరే దారి, వేరే ఊళ్ళు. నల్లగొండ వైపు పోతారో, మెదక్ వైపు పోతారో వాళ్ళ ఇష్టం. అక్కడి రైతులతో చుట్టరికం వాళ్ళే కలుపుకోవాలి. మొదటి మూడు నెలలు మాలో ఇద్దరు వాళ్ళ వెంట వెళ్ళి మలుపుల పద్ధతి నేర్పుతారు. ఆ ఇద్దరిలో ఒకడు చివర వస్తాడు. అరటిచెట్టు పెరిగే తీరు చూడండి. మానుగా లావెక్కదు, పక్కన పిలకలు వేస్తుంది. తోట అయ్యేది అలాగే.

డ్రోను మాటకు వస్తే, చాటుగా స్నానాలు చేసే చెరువుగట్ల మీద, గొర్రెల మందల మీద దాన్ని తిప్పడం మర్యాద కాదు. ఆ ఒక్క విషయంలో మాత్రం చర్చకు కూడా నేను సిద్ధంగా లేను.

పోయిన రెండో ఆదివారం ఒక మలుపులో నిలబడే వంతు నాకు వచ్చింది. చింతచెట్టు కింద బండి ఆపి ఇంజను కట్టేశాను. ఒక్కొక్కరే వచ్చారు, చేయి ఊపాను, వెళ్ళిపోయారు. తొమ్మిదోవాడి తరువాత చాలాసేపు ఎవరూ రాలేదు. దూరంగా ఎవరో ఎడ్లను అదిలిస్తున్నారు. గాలికి ఎండు చింతకాయలు గలగలమంటున్నాయి. ముందువాళ్ళు ఎంత దూరం పోయారోనన్న ఆలోచన వచ్చింది గాని, ఆత్రం రాలేదు. ఇరవై నిమిషాలకు మొదట దుమ్ము కనబడింది, తరువాత ఒక కొత్త కుర్రవాడు, అతని వెనక కాస్త ఎడంగా నారింజ బనీను. కుర్రవాడు నన్ను దాటుతూ, ఆలస్యమైనందుకు నొచ్చుకుంటున్నట్టు తల వంచాడు. ఫరవాలేదన్నట్టు చేయి ఊపాను. ఆ మాట నేను 2018లో అనవలసింది.

మా దగ్గర ఇప్పుడొక ఆచారం ఉంది. హోటలు దగ్గర నారింజ బనీను వచ్చి కూర్చునేదాకా ఎవరూ టీ ముట్టరు. చల్లారిపోతే చల్లారిపోతుంది. నలభై గ్లాసులైతే ఆ ఆచారం సాగదు. నా అభ్యంతరమంతా అదే.